నిచ్చెన తీసేశాక రాసిన చీటీ

మాట పుట్టకముందే ఉన్నవాడివి, మాట ముగిశాక కూడా ఉండేవాడివి, నారాయణా, ముందుగా నీకు నమస్కారం. ఈ గొంతు నువ్విచ్చింది. దీన్ని నీ నామాలు చదవడానికి వాడుకున్న రోజులున్నాయి, నా గొప్ప చూపించుకోవడానికి వాడుకున్న రోజులూ ఉన్నాయి. రెండూ విన్నావు. విని కూడా దీన్ని వెనక్కి తీసుకోలేదు. అందుకు నిన్ను స్తుతించి, జరిగింది చెబుతాను.

నేను కార్ఖానా అనే పేటలో ఒక బడిలో తెలుగు పాఠాలు చెబుతాను. శనివారం సాయంత్రాలు మారేడ్‌పల్లిలో మా మండలి ఆడవాళ్లం ఎవరో ఒకరి ఇంట్లో కూర్చుని నామపారాయణం చేస్తాం. నేను ముందు చదువుతాను, మిగతావాళ్లు అందుకుంటారు. కాలేజీ రోజుల్లో బాస్కెట్‌బాల్ ఆడాను. ఈ రెండు సంగతులూ తెలిసిన మా పేట క్లబ్బు సెక్రటరీ మూడేళ్ల కిందట ఇంటికొచ్చాడు.

"మేడమ్, మన ఆడపిల్లల టోర్నమెంట్ ఫోన్లల్ల లైవ్ ఇస్తున్నం. తెలుగుల కామెంటరీ చెప్పేటోళ్లు దొరుకుతలేరు. మీరు జెర వస్తరా?"

"నాకేం వస్తదన్నా కామెంటరీ?"

"గంటసేపు ఆగకుండ దేవుని పేర్లు చదువుతరంట గదా. గిది సుత అంతే. పేర్లు చదువుడే."

నవ్వి ఒప్పుకున్నాను. ఆ మాట ఎంత నిజమో, అందులో ఎంత ప్రమాదముందో అప్పుడు తెలియలేదు.

కామెంటరీ చెప్పే చోటు గురించి ముందు చెప్పాలి. ఆ ఇండోర్ కోర్టులో ఒక పక్క గోడకు, మనిషి ఎత్తుకు రెట్టింపు ఎత్తులో, ప్లైవుడ్‌తో చేసిన గూడొకటి ఉంది. ఇద్దరు కూర్చుంటే మోకాళ్లు తగులుతాయి. ముందు గీతలు పడిన ప్లాస్టిక్ పలక. ఫ్యాన్ ఉంది కానీ దాని చప్పుడు మైకులోకి వస్తుందని మ్యాచ్ నడిచినంతసేపూ ఆపేస్తారు. ఎక్కడానికి ఇనుప నిచ్చెన. ఆ నిచ్చెన ఆనించే చోటే ఆటగాళ్ల బెంచీ పడుతుంది. అందుకని మేం ఎక్కగానే నిచ్చెన తీసి గోడవారన పడుకోబెడతారు. మ్యాచ్ అయ్యేదాకా దిగడమన్నది లేదు. టీ కావాలన్నా, ఆటగాళ్ల జాబితా కావాలన్నా తాడుకు కట్టిన గుడ్డసంచిలో పైకి రావాలి. కింద ఆ తాడు చూసుకోవడానికి క్లబ్బులో పాత సభ్యుడొకాయన కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. పెద్దాయన. ఆయనకు వినికిడి బాగా తక్కువ.

నా పక్కన కూర్చునేవాడు ఒకప్పటి ఆటగాడు. వాళ్లది విజయనగరం వైపు కుటుంబం. తండ్రి ఉద్యోగం కోసం ఏ.ఎస్. రావు నగర్‌కు వచ్చి స్థిరపడ్డారు. అతనిప్పుడు ఒక ఆఫీసులో పనిచేస్తూ, తెల్లవారుజామున పిల్లలకు ఆట నేర్పుతాడు. మా ఇద్దరి పని పంచుకున్నాం. బంతి ఎవరి చేతిలో ఉంది, స్కోరెంత అన్నది నేను చెప్పాలి. ఎందుకలా జరిగిందన్నది అతను చెప్పాలి. ఈ పనిలో నేను నేర్చుకున్న మొదటి పాఠం అతను చెప్పిందే. "టీచర్ గారూ, బంతి బుట్టలో పడగానే ఒక్క క్షణం నోరు మూసుకోండి. జనం కేక వినపడనివ్వండి. ఆ కేక కంటే మంచి మాట మన దగ్గర ఉందేటి?"

అది నేర్చుకోవడానికి నాకు ఏడాది పట్టింది. రెండో పాఠం, స్కోరు మళ్లీ మళ్లీ చెప్పడం, అప్పుడే ఫోన్ తెరిచినవాళ్ల కోసం. అది నాకు సులువుగానే వచ్చింది. పాఠం చెప్పేవాళ్లకు తిరిగి చెప్పడం అలవాటే. మూడో పాఠం మాత్రం ఎవరూ నేర్పలేదు. నేర్పేవాళ్లు లేక కాదు, నేను వినలేదు.

పురాణం చదివి వివరించే అలవాటున్నవాళ్లకు ఒక జబ్బుంటుంది. కథకు నాయకుడు కావాలి. ఎవరో ఒకరిని ముందే పైకెత్తి నిలబెడితే తప్ప మాట సాగదు. ఈ ఏడాది టోర్నమెంటు మొదటిరోజు నీలం జెర్సీల జట్టులో తొమ్మిదో నంబరు అమ్మాయిని చూశాను. పొడగరి. కాలేజీలో మొదటి ఏడాది. గాలిలోకి లేచి బంతి వేస్తుంటే నిజంగానే ముచ్చటగా ఉంది. "ఈ టోర్నమెంటు ఈ అమ్మాయిదే, రాసి పెట్టుకోండి" అని మైకులో అనేశాను. ఆ సాయంత్రం మా మండలి ఆడవాళ్లు ఫోన్ చేసి ఆ మాటే నాకు తిరిగి చెప్పారు. రెండోరోజు గ్యాలరీలో పిల్లలు "నైన్, నైన్" అని అరిచారు. నా మాట జనం నోటికెక్కింది. ఆ రుచి నాకు బాగుంది. దాచడం ఎందుకు?

మూడోరోజు టైమవుట్‌లో, మైకులు ఆపి ఉన్నప్పుడు, నా పక్కవాడు అన్నాడు. "అదేటండీ టీచర్ గారూ, ఆ నాలుగో నంబరు పేరే ఎత్తట్లేదు మీరు?"

నాలుగో నంబరు అదే జట్టులో పొట్టి అమ్మాయి. బంతి తీసుకొచ్చి అందరికీ అందించే అమ్మాయి.

"ఆమె పాయింట్లెన్ని తమ్ముడూ? చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు."

"తొమ్మిది వేసిన బుట్టలన్నీ ఎవరిచ్చిన బంతులో చూశారా? బంతి గాల్లోకి లేస్తే గానీ మీకు మనిషి కనపడదేటి?"

"ఇచ్చుడు వేరు, వేసుడు వేరు. చివరికి వేసినోళ్లదే లెక్క."

"లెక్క వేరు, విలువ వేరండీ. ఎవరిని తీసేస్తే జట్టు కూలిపోద్దో ఆళ్లది విలువ."

"మరి గట్లయితే బంతి తయారుచేసినోడికియ్యాలె బహుమతి."

అతను నవ్వలేదు. అసలు సంగతి చెప్పాడు. ఒక ప్రభుత్వ సంస్థ క్రీడాకారుల కోటాలో ఉద్యోగాలకు ట్రయల్స్ పెడుతోంది. మా టోర్నమెంటులో ఉత్తమ క్రీడాకారిణికి ఆ ట్రయల్స్‌కు నేరుగా పిలుపొస్తుంది. మిగతావాళ్లు దరఖాస్తు పెట్టుకుని కాగితాల వడపోత దాటాలి. నాలుగో నంబరు అమ్మాయి ఒక బడిలో టెంపరరీగా పిల్లలకు ఆటలు నేర్పుతోంది. వయోపరిమితి ప్రకారం ఆమెకు ఇదే ఆఖరి ఏడాది. తొమ్మిదో నంబరుకు ఇంకా ఎన్నో ఏళ్లున్నాయి.

"మీకెట్ల తెలుసు ఇదంతా?"

"దానికి ఆట నేర్పింది నేనే కదండీ. అందుకే మైకులో నేనెక్కువ అనలేను. పక్షపాతం అంటారు."

అవసరం వేరు, అర్హత వేరు అనుకున్నాను. జాలిపడి బహుమతులు ఇవ్వకూడదని మనసులో పెద్ద పాఠమే చెప్పుకున్నాను. ఆ పాఠం వెనక ఉన్నది న్యాయం కాదు. మొదటిరోజు నేనన్న మాట. దాన్ని మార్చుకుంటే నవ్వుతారేమోనన్న భయం.

ఉత్తమ క్రీడాకారిణిని తేల్చడానికి మా క్లబ్బులో మూడు ఓట్లు. సెక్రటరీది ఒకటి, పెద్ద రిఫరీది ఒకటి, కామెంటరీ గూటిది ఒకటి. గూటిలో ఇద్దరున్నా చీటీ ఒకటే. ఆ చీటీ ఫైనల్ మ్యాచ్ మూడో క్వార్టర్ అవగానే సంచిలో పైకి వస్తుంది. నాలుగో క్వార్టర్ మొదలయ్యేలోగా కిందికి పోవాలి. ఎందుకంటే సర్టిఫికెట్ మీద పేరు అందంగా రాసే మాస్టారొకరు కింద సిరా, కలం పట్టుకుని కూర్చుని ఉంటారు. ఆట పూర్తికాకముందే తీర్పు రాసే ఈ పద్ధతి ఎప్పటినుంచో ఉంది. ఎవరికీ వింతగా తోచలేదు. నాకూ తోచలేదు.

ఫైనల్ రోజు మధ్యాహ్నం గూటిలో కూర్చోలేనంత ఉక్కగా ఉంది. ప్లైవుడ్ వేడెక్కి వాసన కొడుతోంది. మూడో క్వార్టర్ అయ్యేసరికి నీలం జట్టు పన్నెండు పాయింట్ల ఆధిక్యంలో ఉంది. సంచి పైకి వచ్చింది. అందులో చీటీ, పెన్సిలు. కింద నుంచి సెక్రటరీ చెయ్యి ఊపుతున్నాడు. హెడ్‌ఫోన్లో ఆయన గొంతు, "జల్దీ మేడమ్, జల్దీ. మాస్టారు పరేషాన్ చేస్తున్నడు."

చీటీ నా పక్కవాడి ముందు పెట్టాను. అతను చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"మీరే రాయండి. నేను రాస్తే పాపం నాది, రాయకపోయినా నాదే."

నేను 9 అని రాశాను. సంచిలో వేశాను. పెద్దాయన తాడు వదిలాడు. సంచి కిందికి పోయింది.

నాలుగో క్వార్టర్ మొదలైన కాసేపటికే నాలుగో నంబరు అమ్మాయి నాలుగో ఫౌల్ చేసింది. ఐదో ఫౌల్ చేస్తే ఇక ఆడనివ్వరు. కోచ్ ఆమెను బయటికి పిలిచి బెంచీ మీద కూర్చోబెట్టాడు. మా గూటికి సరిగ్గా కింద, నిచ్చెన ఉండాల్సిన చోట కూర్చుంది. తువ్వాలు తలమీద కప్పుకుంది.

తర్వాత జరిగింది చూడటానికి పెద్ద తెలివి అక్కరలేదు. తొమ్మిదో నంబరు అమ్మాయి ఎప్పటిలాగే బుట్ట దగ్గరికి పరుగెత్తి చేతులెత్తుతోంది. బంతి రావడం లేదు. ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉంటున్నాయి. బంతి మధ్యలోనే పోతోంది, ఎవరికీ కాని చోట పడుతోంది. పన్నెండు పాయింట్ల తేడా ఎనిమిదయింది, నాలుగయింది, సమానమయింది. నా నోట్లో తొమ్మిదో నంబరు కోసం దాచుకున్న విశేషణాలన్నీ అలాగే ఉన్నాయి. చెప్పడానికి బుట్టలు లేవు.

ఐదు రోజులుగా నేను కథ చివరి వాక్యం మాత్రమే చదివానని అప్పుడు అర్థమైంది.

స్కోరు చెప్పడం ఆపేశాను. నా పక్కవాడు మోకాలితో పొడిచాడు. నేను మైకు ఆపి హెడ్‌ఫోన్లో సెక్రటరీని పిలిచాను, ఆయన తనది బల్ల మీద వదిలేసి కోర్టు అవతల ఉన్నాడు. కాగితం ముక్క మీద "చీటీ వెనక్కి పంపండి, మార్చాలి" అని రాసి, పెద్దాయనకు సైగ చేశాను. ఆయన సంచి పైకి పంపాడు. కాగితం వేసి దింపాను. రెండు నిమిషాలకు సంచి బరువుగా పైకి వచ్చింది. ఆశగా తెరిచాను. రెండు సమోసాలు, టీ ఫ్లాస్కు. నా కాగితం సమోసాల కింద నూనెలో నానుతోంది. ఆయన దాన్ని విప్పి కూడా చూడలేదు. ఆ వేళకు సంచి ఊగిందంటే టీ కోసమేనని ఆయనకు మూడేళ్ల అలవాటు.

కిటికీ పలక మీద చేత్తో కొట్టాను. ఆ గోలలో ఎవరికి వినపడుతుంది? నిచ్చెన గోడవారన పడుకుని ఉంది. దూకుదామా అని కూడా అనిపించింది, ఈ వయసులో, చీర కట్టుకుని. నా పక్కవాడు నా మొహం చూసి, "వద్దండీ, మీ మండలికి నేను సమాధానం చెప్పలేను" అన్నాడు.

ఆఖరి రెండు నిమిషాల్లో కోచ్ నాలుగో నంబరును లోపలికి పంపాడు. ఆట మళ్లీ ఊపిరి తీసుకుంది. చివరి క్షణాల్లో ఆమె ఒక వైపు చూస్తూ ఇంకోవైపు బంతి వదిలింది. తొమ్మిది అందుకుని వేసింది. నీలం జట్టు గెలిచింది. "నాలుగో నంబరు ఇచ్చింది" అని నేను అరిచాను. ఐదు రోజుల్లో మొదటిసారి ఆ నంబరు ముందు చెప్పాను. గ్యాలరీ మొత్తం "నైన్, నైన్" అని అరుస్తోంది. వాళ్లకు ఆ పేరు నేర్పింది నేనే.

హెడ్‌ఫోన్లో సెక్రటరీతో చెప్పాను. "అన్నా, మా ఓటు మారుస్తున్నం. నాలుగుకు."

"ఏందీ మేడమ్, మజాక్ చేస్తున్నరా? పేరు రాసుడు అయిపోయింది, రిబ్బన్ సుత కట్టిండ్రు."

"రిఫరీ ఎవరికి వేసిండు?"

"నాలుగుకు. నేను తొమ్మిదికి. మీరు తొమ్మిది. అయిపాయె."

అంటే నా చీటీయే తేల్చింది. ఇంకొకరి మీద నెట్టడానికి వీల్లేకుండా దేవుడు ఆ లెక్క నాకు వినిపించాడు.

నన్ను కిందికి దింపుతారనుకున్నాను. బహుమతుల బ్యానరు కట్టడానికి నిచ్చెన అవతలి గోడకు తీసుకెళ్లారు. మమ్మల్ని పైనుంచే బహుమతులు ప్రకటించమన్నారు. రన్నరప్, విన్నర్, చివరికి ఉత్తమ క్రీడాకారిణి. ఐదు రోజులుగా ఏ గొంతుతో పొగిడానో ఆ గొంతుతోనే తొమ్మిదో నంబరును పిలిచాను. ఆ అమ్మాయి సర్టిఫికెట్ అందుకుని వెనక్కి తిరిగి ఎవరినో వెతికింది. నాలుగో నంబరు బూట్ల లేసులు విప్పుకుంటోంది.

మా పారాయణంలో ఒక పద్ధతుంది. చదవడం అయ్యాక, హారతికి ముందు, ముందు చదివినవాళ్లు పైకి వినపడేలా క్షమాపణ అడగాలి. ఎక్కడ అక్షరం జారిందో, ఏ నామం మింగేశామో తెలిస్తే అది చెప్పి మరీ అడగాలి. మనసులో అనుకుంటే కుదరదు. పదిమంది విన్న తప్పును పదిమంది వినేలా ఒప్పుకోవాలి. నాకు చిన్నప్పటినుంచి ఆ అలవాటుంది. అందుకే మైకు దగ్గరికి లాక్కుని మొదలుపెట్టాను.

"ముగించేముందు ఒక మాట. ఈ ఐదు రోజులు నా వ్యాఖ్యానంలో పెద్ద తప్పు జరిగింది. నాలుగో నంబరు క్రీడాకారిణి విషయంలో నేను..."

అక్కడ కోర్టులోని స్పీకర్లు మూగబోయాయి. సెక్రటరీ మైకు కట్ చేశాడు. నేను మాట్లాడుతూనే ఉన్నాను. గీతలు పడిన ప్లాస్టిక్ వెనక నా పెదాలు కదలడం కింద ఒకరిద్దరు చూసి నవ్వారు. తర్వాత రికార్డింగ్ చూశాను. అందులోనూ "నేను" అన్నదగ్గరే ఆగింది. తప్పు మొత్తం ఉంది. ఒప్పుకోలు లేదు.

జనం వెళ్లిపోతున్నారు. నిచ్చెన సంగతి అందరూ మరిచిపోయారు. నా పక్కవాడు ఫోన్ చేస్తున్నాడు, ఎవరూ ఎత్తడం లేదు. అప్పుడు ఇనుము నేలమీద ఈడ్చుకొస్తున్న చప్పుడు. నాలుగో నంబరు అమ్మాయి ఒక్కతే నిచ్చెన లాక్కొచ్చి గూటికి ఆనించింది. రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.

నేను సగం దిగాను. ఆమె తలెత్తి అడిగింది. "మేడమ్, మైకుల నా నంబరేదో చెప్తుంటిరి, మధ్యల ఆగిపాయె. ఏందది?"

మైకులో చెప్పడం ఎంత సులువో అప్పుడు తెలిసింది. నిచ్చెన నడుమ, పైకి పోలేక, కిందికి రాలేక, ఆమె మొహంలోకి చూస్తూ చెప్పాను. చీటీ నేనే రాశాను. నీ ఆట చూడకుండా రాశాను. నా ఓటు నీకు పడి ఉంటే పిలుపు నీకే వచ్చేది.

ఆమె నిచ్చెన వదలలేదు.

"ఇప్పుడు చెప్తే ఏం ఫాయిదా మేడమ్?"

"ఏం లేదు బిడ్డా."

"పైకెల్లి చూస్తే నా నెత్తి తప్ప ఏం కనపడతది లెండి." ఆ మాటలో క్షమ లేదు. కోపమూ లేదు. అలసట ఉంది. "జెర మెల్లగ దిగుండ్రి. మూడో మెట్టు ఊగుతది."

ఆ శనివారం పారాయణంలో నాకు చదవబుద్ధి కాలేదు. మా మండలిలో అందరికన్నా పెద్దావిడను పక్కకు పిలిచి జరిగింది చెప్పాను. ఆమెకు ఆ ఆట గురించి తెలిసింది చాలా తక్కువ.

"నామం తప్పిపోతే మనమేం చేస్తం?" అంది.

"క్షమించమని అడుగుతం పెద్దమ్మా."

"అది ఆఖరుకు. నడుమల్నే తెలిస్తే?"

"తప్పిన కాడికి పోయి మళ్ల చదువుతం."

"మరింకేంది? పోయి చదువు. ఏడుపు బంద్ చెయ్యి, హారతికి యాళ్లయితుంది."

నాలుగో నంబరు అమ్మాయి మామూలు దారిలో దరఖాస్తు పెడుతోందని నా పక్కవాడు చెప్పాడు. కాగితాలతోబాటు ఆట వీడియోలు కూడా పంపవచ్చు. బడికి సెలవులిచ్చారు. రోజూ మధ్యాహ్నం మా ఇంట్లో లోపలి గదిలో తలుపులు మూసుకుని, ఫ్యాన్ ఆపుకుని కూర్చున్నాను. అతను ఐదు మ్యాచ్‌ల నుంచి బుట్ట పడకముందు జరిగిన ముక్కలన్నీ కత్తిరించి తెచ్చాడు. వాటికి మొదటినుంచి మళ్లీ వ్యాఖ్యానం చెప్పాను. ఆమె ఎటు చూసింది, ఎవరిని తనవైపు లాగింది, ఎవరికోసం దారి ఖాళీ చేసింది. ఆమె బెంచీ మీద కూర్చున్న ఆ కాసేపటిని మాత్రం మాటల్లేకుండా వదిలేశాను. జట్టు కూలిపోవడం ఎవరికైనా కనపడుతుంది.

చెబుతుండగా ఒకచోట వీడియోలోని నా పాత గొంతు కింద నుంచి సన్నగా వినపడింది, "తొమ్మిదో నంబరు, అద్భుతం!" అని. ఎంత ప్రయత్నించినా అతను దాన్ని పూర్తిగా తుడవలేకపోయాడు. "ఉండనివ్వండి టీచర్ గారూ. రెండు గొంతులూ మీవే కదేటి" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటోంది.

వీడియోలు ఆ అమ్మాయికి ఇచ్చాను. తీసుకుంది. "చూస్త" అంది. దరఖాస్తుతో జతచేసిందని తర్వాత తెలిసింది. వడపోతలో ఆమె పేరు నిలిచిందో లేదో ఆ సంస్థవాళ్లు ఇంకా చెప్పలేదు. ఫోన్ మోగినప్పుడల్లా నాకు ఆ గూటి వేడి ఒంటికి తగులుతుంది. చీటీ కిందికి పోతూనే ఉంటుంది.

నాకు చేతనైంది అయిపోయింది. మిగిలింది అడగడమే, అది ఒక్క గొంతుతో అడిగేది కాదు. ఇక్కడిదాకా చదివినవాళ్లు ఒక్క క్షణం ఆగి నాతో గొంతు కలపండి. ఆమె పేరు మీకు తెలియదు, అక్కరలేదు. నంబరు చాలు, నారాయణుడు గుర్తుపడతాడు. తండ్రీ, పైనుంచి చూసినా తల మాత్రమే కాక మనిషిని మొత్తంగా చూసేవాడివి నువ్వొక్కడివే. ఆ కాగితాలు చూసేవాళ్ల కళ్లకు నీ చూపులో కొంచెం ఇవ్వు. ఆ బిడ్డను ఆ ట్రయల్స్ మైదానంలోకి ఒక్కసారి పిలిపించు. పిలుపు రాకపోయినా ఆమె చేతిలో ఆట ఉండనివ్వు. నా నోట్లో ఈ తప్పు గుర్తుండనివ్వు.

తథాస్తు అని మీరూ అనండి.